మేస్త్రి వదిలిన పాట

బరువులెత్తే వాళ్లకు బలమంతా భుజాల్లో ఉంటుందని చూసేవాళ్లు అనుకుంటారు. ఆరుగురు కలిసి ఒక ఇనుప బీరువాను ఎత్తాలంటే ఆరుగురి భుజాలూ ఒక్కసారే లేవాలి. ఒకడు రెప్పపాటు ముందు లేచినా, ఇంకొకడు రెప్పపాటు వెనకబడినా మొత్తం బరువు వచ్చి ఎవడో ఒకడి నడుం మీద కూర్చుంటుంది. అందుకే ఎత్తమని చెప్పే నోరు ఒకటి కావాలి. ఆ లారీ ఆఫీసు దగ్గర ఆ నోరు మేస్త్రిది.

ఆ నోటి గురించి తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. మేస్త్రి పాట అందుకున్నాడంటే రోడ్డు మీద పోయే ఆడవాళ్లు కొంగు చెవుల దాకా లాక్కొని అవతలి పక్కకు దాటేవారు. పెద్దమనుషులు గొడుగు అడ్డం పెట్టుకొని, గొడుగు వెనక నవ్వుకునేవారు. తిట్టు లేకుండా అతని నోట ఒక్క ముక్క వచ్చేది కాదు. ఆ తిట్లను వరసకట్టి పాట చేసి, పాట చివర "ఎత్తు" అనేవాడు. ఆరుగురూ నవ్వుతూనే ఎత్తేవారు. అలాంటి మనిషి ఆదివారం నాడు భార్య వెంట వెళ్లి, తెల్లచొక్కా తొడుక్కొని, అందరి ఎదుటా నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకొని వచ్చాడు.

సోమవారం పొద్దున పనిలోకి వచ్చేసరికి బరువులెత్తే ముఠా అంతా అతని మొహంలోకి తొంగి తొంగి చూసింది. మొహం మొన్నటిదే. గడ్డం గీసుకున్నాడు, అంతే.

"బావా, మాట్లాడు. ఒక్క మాట. కొత్త గొంతు ఎలా ఉందో విందాం" అన్నాడు బావమరిది. ముఠాలో వాడే కుర్రవాడు, వాడికే నవ్వు ఎక్కువ.

"పని చూడరా" అన్నాడు మేస్త్రి. మామూలుగా అయితే ఆ రెండు మాటల మధ్యలో ఇంకో నాలుగు ఉండేవి. ఆ ఖాళీ అందరికీ వినిపించింది.

ఆ రోజు పని ఒక ఆఫీసుకు బీరువాలు దించడం. మొదటి బీరువాకు కింద గోనె పరిచి, నడుముకు మోకు చుట్టి, అడ్డంగా దుంగలు దూర్చి, ఆరుగురూ వంగి భుజాలు ఆనించారు. మేస్త్రి ఎదురుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. రాత్రంతా ఆలోచించే వచ్చాడు. పాత పాట పాడకూడదు. మరి ఏం పాడాలి? గుడిలో, ఆదివారం, అందరూ నిలబడి పాడినప్పుడు తన ఒళ్లు జలదరించిన పాట ఒకటుంది. అది అందుకున్నాడు.

ఆ పాటలో ఏ తప్పూ లేదు. కాకపోతే అది బరువులెత్తడానికి కట్టిన పాట కాదు. మొదటి మాటే సాగుతూ సాగుతూ ఎక్కడికో వెళ్లి, అక్కడొక మలుపు తిరిగి, మళ్లీ దిగి వచ్చింది. కుడిపక్క ముగ్గురు అది పైకి వెళ్లినప్పుడే ఎత్తాలనుకున్నారు. ఎడమపక్క ఇద్దరు కిందికి దిగాక ఎత్తాలనుకున్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన భక్తిగా కళ్లు మూసుకున్నాడు. బీరువా ఒక పక్కకు లేచి, ఒరిగి, మోకులోంచి జారి బావమరిది కాలి మీద పడింది.

బొటనవేలు చితికింది. వాణ్ని అరుగు మీద కూర్చోబెట్టి మేస్త్రే గుడ్డ చుట్టాడు. వాడు నొప్పికి పళ్లు కొరుకుతూనే నవ్వాడు.

"నాకిప్పుడు తెలిసింది బావా. నువ్వు నీళ్లలో మునిగేటప్పుడు నోరు మూసుకున్నావు కదా? ఒళ్లంతా కొత్తదైంది. నోరొక్కటే తడవలేదు. దాన్ని పాతదానిలాగే వాడుకో, దేవుడు లెక్కచెయ్యడు."

అందరూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. కాంట్రాక్టరు వచ్చి వేలు చూశాడు, సొట్టపడిన బీరువా చూశాడు, చివరికి మేస్త్రిని చూశాడు.

"నీ దేవుడితో నాకు పేచీ లేదు మేస్త్రీ. మంచిదే. కానీ ఇలాగైతే మనుషులు పోతారు. ఇతను ఎలాగూ వేలు మానేదాకా ఎత్తలేడు. రేపట్నుంచి ఇతను పాట చెప్తాడు. నువ్వు ఇతని చోట భుజం పెట్టు. కుదిరిందా సరి, లేకపోతే మేస్త్రితనం ఇతనికే ఇచ్చేస్తాను."

మేస్త్రి తల ఊపాడు. ఎన్నో ఏళ్లుగా నిలబడి పాడిన మనిషి మళ్లీ దుంగ కిందికి దూరాలి. అయినా అతనికి మనసులో ఒక మూల హాయిగానే అనిపించింది. నోటికి తాళం వేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదనుకున్నాడు. పాడవలసిన పని లేకపోతే పాపం చెయ్యవలసిన పనీ ఉండదు కదా అని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు, పాపం.

మంగళవారం లారీ ఆఫీసు దగ్గరే పని. లారీలోంచి నూనె పీపాలు, యంత్రాల పెట్టెలు దించాలి. బావమరిది కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టుకొని కూర్చున్నాడు. మేస్త్రి ఎడమవైపు కింది మూల దుంగకు భుజం ఆనించాడు. ఆ మూలలో నిలబడినవాడి మెడ కుడికి వంగదు, పెట్టె అడ్డం. ఎడమకే తిప్పాలి. ఎడమకు తిప్పితే రోడ్డు, రోడ్డు అవతల మేడ, ఆ మేడమెట్ల కింద టీ కొట్టు కనిపిస్తాయి.

బావమరిది గొంతు సవరించుకొని టీపాట అందుకున్నాడు.

టీపాట మేస్త్రి పాటలన్నిటిలోకీ గొప్పదని ముఠాలో పేరు. "టీ కొట్టు పిల్లా, తీరైన పిల్లా" అని మొదలవుతుంది. తరువాత పాలవాడు వస్తాడు. ఆ తరువాత ఏం జరుగుతుందో ఇక్కడ రాయడం కుదరదు. ప్రతి చరణానికీ చివర "ఎత్తు" వస్తుంది. ఎప్పుడో ఒకనాడు తన కొట్టు ముందు ఉమ్మవద్దని ఆ టీ కొట్టు నడిపే ఆవిడ నలుగురిలో మేస్త్రిని కసిరితే, అతను అక్కడికక్కడే కట్టిన పాట అది. ఆ రోజు ముఠా నవ్వలేక పెట్టె దించేసింది. ఆ తరువాత బరువైన సరుకు ఏది వచ్చినా టీపాటే. దానికి ఎత్తినంత తేలిగ్గా దేనికీ ఎత్తలేమని అందరికీ నమ్మకం కుదిరింది.

పెట్టె లేచింది. మేస్త్రి భుజం కూడా దానంతట అదే లేచింది. మెడ ఎడమకు తిరిగి ఉంది కాబట్టి కళ్లు టీ కొట్టు మీద పడ్డాయి. పాడే రోజుల్లో అతను ఎప్పుడూ మోకునూ మనుషుల కాళ్లనూ చూసేవాడు. అటు తిరగవలసిన అవసరం లేకపోయింది.

ఆవిడ టీ వడపోస్తోంది. మొదటి చరణం వినపడగానే వడపోసేది గిన్నె మీద పెట్టేసింది. పొయ్యి మంట పెంచింది, మంట చప్పుడు పెద్దదైంది. కొట్టు ముందర తెరలా చుట్టి కట్టిన పట్టాగుడ్డ ముడి విప్పి కిందికి వదిలింది. ఇవన్నీ ఆవిడ తొందర లేకుండా, ఎదటివాళ్ల మొహం చూడకుండా, రోజూ చేసే పనిలా చేసింది. టీ తాగుతున్న ఇద్దరు గ్లాసులు పెట్టి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకడు వెళ్తూ వెళ్తూ పాట ఈల వేశాడు.

మూడో పెట్టెకు బడి వదిలిన వేళ అయింది. నీలం గౌను వేసుకున్న పిల్ల ఒకతె వీధి మొదట్లో కనిపించింది. ఆవిడ కూతురు. పాట విని ఆగింది. సంచీని గుండెలకు హత్తుకుని వెనక్కి తిరిగి, మురుగుకాలవ పారే వెనకసందులోకి దూరింది. ఇలా వస్తే పాతిక అడుగుల్లో ఉండే తల్లి దగ్గరికి, ఆ పిల్ల రోజూ అంత చుట్టు తిరిగి వస్తోందన్నమాట.

"బావా, ఎత్తలేదేం?" అని అరిచాడు బావమరిది. మేస్త్రి భుజం వెనకబడింది. అప్పుడు ఎత్తాడు.

ఆ సాయంత్రం మొహం కడుక్కునే చోట బావమరిదిని పక్కకు పిలిచాడు. "ఒరేయ్, ఆ పాట మానెయ్. ఇంకేదన్నా కట్టు."

"ఏ పాట?"

"టీపాట."

"అదేంటి బావా, అది నీ పాటే కదా! నువ్వు పాడితే పాట, నేను పాడితే బూతా?" వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నువ్వు మానేశావు, నీ పుణ్యం. మేం మునగలేదు కదా."

పెద్దాయన మొహం తుడుచుకుంటూ అందుకున్నాడు. "మేస్త్రీ, నా వయసులో కొత్త పాటకు నడుం వంగదు. ఆ పాటకు నా ఎముకలు అలవాటుపడ్డాయి. చెవి వినకపోయినా అవి వింటాయి. నువ్వే అలవాటు చేశావు."

 మేస్త్రి తువ్వాలు దులిపి భుజాన వేసుకొని ఇంటిదారి పట్టాడు.

ఇంటికి వెళ్తే భార్య అతని మొహం చూసి "ఏమైంది? నోరు జారావా?" అని అడిగింది. తమ్ముడి వేలు సంగతి ఆవిడకు ముందే తెలుసు, దానికి ఏడవవలసినంత ఏడ్చింది.

"లేదు. నేను ఒక్క మాట అనలేదు."

"మరి ఆ మొహం ఏంటి?"

"నేను అనకపోయినా వినపడుతోంది" అన్నాడు. ఆవిడకు అర్థం కాలేదు. కంచం ముందు కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థన చెయ్యబోయాడు. కళ్లు మూస్తే పట్టాగుడ్డ ముడి విప్పుతున్న చెయ్యి కనిపించింది. తెరిచి అన్నం తిన్నాడు.

బుధవారం పని తొందరగా ముగియడంతో పాస్టరు గారి దగ్గరికి వెళ్లాడు. పాస్టరు గారు గుడి వరండాలో బెంచీ బోర్లా వేసి, ఊడిపోయిన కాలికి మేకు కొడుతున్నారు. మేకు కొట్టడం ఆయనకు చేతకాదు. అప్పటికే రెండు వంగిపోయి పక్కన పడి ఉన్నాయి. మేస్త్రి పక్కన కూర్చుని బెంచీ కాలు కదలకుండా పట్టుకున్నాడు.

జరిగింది చెప్పాడు. పాస్టరు గారు వింటూ ఇంకో మేకు వంచారు.

"నోరు ఖాళీగా పెట్టావు నాయనా. ఖాళీగా ఉన్న ఇంట్లోకి పాతవాళ్లే తిరిగొస్తారు. పాతది తీసిన చోట కొత్తది పెట్టాలి."

"పెట్టానండీ. గుడిపాట పెట్టాను. బావమరిది వేలు పోయింది."

పాస్టరు గారికి నవ్వొచ్చింది. నవ్వాపుకోవడానికి సుత్తి కింద పెట్టవలసి వచ్చింది. తరువాత మామూలుగా అడిగారు. "ఆ పాట ఎవరి మీద?"

ఆ ప్రశ్న అంతవరకూ అతన్ని ఎవరూ అడగలేదు. బాప్తిస్మానికి ముందు తన పాపాలన్నీ ఒప్పుకున్నాడు. బూతులు మాట్లాడతానని ఒప్పుకున్నాడు. ఎవరి మీద మాట్లాడతాడో ఆ ఒప్పుకోలులో లేదు.

"టీ కొట్టు ఆవిడ మీదండీ."

"ఆవిడ దగ్గరికి వెళ్లావా?"

"దేవుడు క్షమించాడు కదండీ..."

"క్షమించాడు. అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ పాట దేవుడి మీద కట్టలేదు కదా నువ్వు." పాస్టరు గారు సుత్తి అతని చేతికిచ్చారు. "ఇది కాస్త నువ్వు కొట్టు. నా వల్ల కావడం లేదు."

మేస్త్రి రెండు దెబ్బల్లో మేకు దింపేశాడు. బెంచీ నిలబెట్టి, దాని మీద కూర్చుని చూశాడు. కదల్లేదు. లేచి వెళ్లబోతే పాస్టరు గారు చెయ్యి పట్టుకుని అక్కడే నిలబడి అతని కోసం ప్రార్థించారు. బలం కావాలని అడుగుతారనుకున్నాడు మేస్త్రి. ఆయన సిగ్గు కావాలని అడిగారు. ఆ మాట విని అతనికి ఒక్కసారి ఏడుపొచ్చింది. గట్టిగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గురువారం పని మొదలుకాక ముందే టీ కొట్టు దగ్గరికి వెళ్లాడు. ఆ కొట్టులో అతను ఏళ్ల తరబడి టీ తాగలేదు. ముఠా అంతా వీధి చివరి హోటలుకు వెళ్లి తాగుతుంది. ఆవిడ గ్లాసులు బొర్లిస్తోంది. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి చెయ్యి ఆగింది. ఆ వెంటనే రెండో చెయ్యి పట్టాగుడ్డ ముడి మీదికి వెళ్లింది.

"అక్కా, ఒక్క మాట" అన్నాడు.

"అక్కా అనకు."

అతను ఆ మాట మింగేశాడు. దారిలో కూర్చుకున్న మాటలన్నీ వదిలేశాడు. "తప్పు చేశానమ్మా. ఆ పాట కట్టింది నేను. ఇక పాడను. క్షమించమని అడగడానికి వచ్చాను."

"విన్నాను. మునిగొచ్చావట కదా."

"ఆదివారం."

"మంచిది. నువ్వు మునిగి కడుక్కున్నావు." ఆవిడ గొంతు పెంచలేదు. గ్లాసు తీసి వెలుతురుకు పట్టి చూసింది, మరక ఏమైనా ఉందేమోనని. "నా సంగతేంటి? నేను ఆ ఆరుగురి నోళ్లలో ఉన్నాను. ఈలవేసే ప్రతివాడి నోట్లో ఉన్నాను. వాటినెక్కడ ముంచుతావు?"

"నేను పాడను..."

"నువ్వు పాడకపోతే ఆగిందా? మొన్నా విన్నాను, నిన్నా విన్నాను. నీ బావమరిదిది నీకంటే మంచి గొంతు." గ్లాసు కింద పెట్టింది. "నా కూతురికి అందులో చరణాలన్నీ వచ్చు. తెలుసా నీకు? బడిలో నేర్పారు, తోటి పిల్లలు. ఇంటికొచ్చి, 'అమ్మా, పాలవాడు అని పాడుతున్నారు, ఎవరమ్మా ఆ పాలవాడు' అని నన్ను అడిగింది. పాలు ప్యాకెట్లలో తెచ్చుకుంటాను నేను. పాలవాడన్నవాడే లేడు."

 పాలవాడు ప్రాసకోసం వచ్చినవాడు. ఆ మాట ఆవిడతో చెప్పడానికి మేస్త్రికి నోరు రాలేదు.

"నన్నేం చెయ్యమంటావో చెప్పమ్మా."

"ఏమో. నాకేం తెలుసు? కట్టింది నువ్వు, విప్పుకోవడమూ నువ్వే చూసుకో." పట్టాగుడ్డ కిందికి దిగింది. దాని వెనకనుంచి ఆవిడ అంది, "వెళ్లు. పొద్దున్నే నువ్విక్కడ నిలబడితే దానికో కొత్త చరణం కడతారు."

ఆ రోజూ, మరునాడూ అతను దుంగ కింద ఆ పాట విన్నాడు. ప్రతి "ఎత్తు"కూ తన మాటలే తన మెడ మీద కూర్చునేవి. బావమరిదిని బతిమాలాడు. కసిరాడు. ఒకసారి పాత తిట్టు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. నాలుక కరుచుకుంటే నెత్తురొచ్చింది. ముఠా ఆ రాద్ధాంతాన్ని చెవిన వేసుకోలేదు.

శనివారం నాడు ఇనప్పెట్టె వచ్చింది. రోడ్డు అవతలి మేడ మీద నగలపని చేసే ఆయన కొన్నాడు. లారీలోంచి దించేటప్పుడే అందరికీ గుండె జారింది. చూడ్డానికి చిన్నదే గానీ గోడంత మందం రేకు. దాన్ని ఆ మేడమెట్ల మీదుగా పైకి చేర్చాలి. ఆ మెట్ల కిందే టీ కొట్టు.

మెట్ల మొదట్లో మేస్త్రి బావమరిది భుజం పట్టుకున్నాడు. "ఒరేయ్, ఈ ఒక్కచోట వద్దు. ఆవిడ నెత్తి మీద నిలబడి ఆవిడ పాట పాడకు. నీ అక్క మీద ఒట్టు."

బావమరిది కొట్టు వైపు చూశాడు. ఆవిడ పట్టాగుడ్డ ముడి మీద చెయ్యేసి ఎదురుచూస్తోంది. ఎందుకో వాడికి నవ్వు రాలేదు. "సరేలే. ఒకటి రెండు మూడు అంటాను. మూడుకు ఎత్తండి."

"మూడు అన్నప్పుడా, అన్నాకా?" అన్నాడు పెద్దాయన.

"అన్నప్పుడు!"

పైనుంచి ఇద్దరు మోకు లాగుతున్నారు, కింద నలుగురు భుజాలు పెట్టారు. మేస్త్రి అందరికంటే కిందిమెట్టు మీద ఉన్నాడు, బరువంతా దిగేది అక్కడికే. బావమరిది కుంటుకుంటూ పక్కగోడకు ఆనుకొని లెక్కపెట్టాడు. మొదటి మెట్లు బాగానే ఎక్కారు. అయితే "ఒకటి రెండు మూడు" పొడిగా ఉంటుంది, దానికి ఊపిరి అందదు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఒకడి ఊపిరి ఒకటి దగ్గర, ఇంకొకడిది రెండు దగ్గర తెగుతోంది. మలుపు మెట్టు వెడల్పు ఒక పక్కే ఉంది. ఇనప్పెట్టె సగం ఎక్కి, అంచు మీద ఆగి, అక్కడినుంచి కదల్లేదు. దించుదామంటే కింద చోటు లేదు.

"మూడు!" అన్నాడు బావమరిది. ఇద్దరు ఎత్తారు. పెట్టె వేలెడు లేచి మళ్లీ కూర్చుంది. పైన మోకు పట్టినవాడి అరిచేతుల్లోంచి తాడు జారింది. బరువు వచ్చి మేస్త్రి మెడ మీద పడింది.

"పాట అందుకోరా! చస్తాం!" అని అరిచాడు పెద్దాయన.

"టీ కొట్..." అందుకున్నాడు బావమరిది.

"వద్దు!" మేస్త్రి అరుపు మెట్లంతా మోగింది. ఆ ఒక్క మాటకు ఉన్న ఊపిరంతా పోయింది. మోకాలు వణుకుతోంది. పాట అతని నాలుక మీదే ఉంది, అతని భుజానికి కావలసిన తూకంతో, అక్షరం పొల్లుపోకుండా. ఒక్క చరణం, పెట్టె లేస్తుంది. అందరూ బతుకుతారు. కింద పట్టాగుడ్డ దిగుతుంది. మళ్లీ ఊపిరి తీసుకొని ఇంకో మాట అరిచాడు. "అమ్మా, కొట్టులోంచి బయటికి పో! పెట్టె జారేటట్టుంది, పో!"

ఆవిడ బయటికి వచ్చింది. రోడ్డు మీదికి పరిగెత్తవలసింది పోయి మెట్ల మొదట్లో నిలబడి తలెత్తి చూసింది. మలుపు దగ్గర మెడ ఎడమకు వంగి, మొహం నల్లబడి, పళ్లు బిగపట్టి ఉన్న మనిషి కనిపించాడు. టీపాట మొదలవడమూ విన్నది, ఆగడమూ విన్నది. ఎవరు ఆపారో, ఆపడానికి ఏం మోస్తున్నారో కళ్లెదురుగానే ఉంది.

ఆవిడ నడుముకు కొంగు చుట్టింది.

"టీ కొట్టు అక్క పిలిచింది చూడు," అని అందుకుంది, "ఎత్తు!"

అదే వరస, అదే ఊపు. ఏళ్ల తరబడి రోజూ విన్న పాట కదా, వెంట్రుకవాసి తేడా లేదు. మాటలు మాత్రం అంతకుముందు ఎవరూ విననివి. అయినా ఎముకలకు మాటలతో పనేముంది? కింద నాలుగు భుజాలూ, పైన మోకూ ఒక్కసారి లేచాయి. పెట్టె అంచు దాటి మెట్టు మీద కూర్చుంది.

"మీసాల దొరలూ, మెట్టెక్కలేరా, ఎత్తు!"

ఎక్కింది. పైన మోకు లాగేవాడికి నవ్వొచ్చింది గానీ లాగడం ఆపలేదు.

"పాటకు నోరూ, పనికేమో నీరూ, ఎత్తు!"

"పొంగింది పాలూ, పోతోంది పొద్దూ, ఎత్తు!"

ఒక్కొక్క చరణానికీ ఒక్కొక్క మెట్టు. ఆవిడకు ఎక్కడా తడుముకోవలసిన పని లేకపోయింది. పట్టాగుడ్డ వెనక, పెంచిన మంట పక్కన కూర్చుని ఇన్నాళ్లూ ఆవిడ ఏం చేసిందో మేస్త్రికి అప్పుడు తెలిసింది. వాళ్ల పాటకు ఆవిడ లోపల జవాబు కట్టుకుంటూ ఉంది. వాళ్ల మీసాల మీద, వాళ్ల నడుముల మీద, వాళ్ల సోమరితనం మీద బోలెడు చరణాలున్నాయి. ఒక్కదాంట్లోనూ బూతు లేదు. ముఠా కిందా పైనా నవ్వుతూ ఎక్కుతోంది. మేస్త్రికి మాత్రం కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

పెట్టె పైన గదిలో గోడవార కూర్చుంది. బావమరిది దాని మీద చతికిలబడి "ఓరి దేవుడా, అక్క పాట ముందు మన పాట ఏం పాట!" అన్నాడు. "ఇంకోసారి పాడమంటే పాడుతుందంటావా? ఆ మీసాల చరణం నాకు కావాలి."

"వెళ్లి అడుగు. మర్యాదగా అడుగు" అన్నాడు మేస్త్రి.

అందరూ దిగారు. బావమరిది కుంటుతూ ముందు వెళ్లి, కొట్టు ముందు చేతులు కట్టుకొని నిలబడి అడిగాడు. ఆవిడ వాణ్ని కిందనుంచి పైదాకా చూసింది. "నేర్చుకుంటే తప్పులు లేకుండా నేర్చుకో. ఆ పాతది ఇంకోసారి నా చెవిన పడితే నీ కాలి మీద ఇంకో వేలుంది" అంది. వాడు తల ఊపాడు. ఆవిడ టీ పొయ్యి మీద పెట్టింది. ముఠా అంతా తొలిసారి ఆ కొట్టు ముందు బల్ల మీద, బడిపిల్లల్లా ఒద్దికగా కూర్చుంది.

మేస్త్రి కూర్చోలేదు. దూరంగా, గోడపక్కన నిలబడి మెడ నిమురుకుంటున్నాడు. తన వంతు ఏమిటో అతనికి తెలియలేదు. వెళ్లిపోదామనుకుంటుంటే ఆవిడ అటు చూడకుండానే అంది.

"మేస్త్రీ. ఆ బకెట్టు దగ్గర గ్లాసులున్నాయి. కడుగు."

అతను వెళ్లి బకెట్టు ముందు గొంతుకూర్చున్నాడు. గ్లాసులు ఒక్కొక్కటే ముంచి, పీచుతో తోమి, వెలుతురుకు పట్టి చూసి బొర్లించాడు. ఆ చేతులు దుంగలకు అలవాటుపడ్డవి. గ్లాసు పట్టుకోవడం వాటికి కష్టంగానే ఉంది.

అప్పుడు వీధిలోంచి పరుగు వినిపించింది. నీలం గౌను పిల్ల, సంచీ భుజం మీద ఎగురుతుంటే, ఆయాసపడుతూ కొట్టు ముందుకొచ్చి ఆగింది. వెనకసందులో చాలా దూరం పోయాక, విన్నది తల్లి గొంతని తట్టి, నడివీధిలోంచే తిరిగి పరిగెత్తుకొచ్చింది. బల్ల మీద కూర్చున్న ముఠాను చూసి తల్లి పక్కకు చేరింది.

"అమ్మా, పాడింది నువ్వా?"

"నేనే." కూతురు వెనకసందులోంచి కాక నడివీధిలోంచి వచ్చిందని ఆవిడ ఆ దారి వైపు ఒకసారి చూసింది.  తరువాత మొహం పొయ్యి వైపు తిప్పుకుంది.

పిల్ల రోజూ చేసే పని చెయ్యడానికి సంచీ పక్కన పెట్టి బకెట్టు దగ్గరికి వచ్చింది. అక్కడ కూర్చున్న మనిషిని చూసి ఆగిపోయింది. ఆ మనిషెవరో ఆ పిల్లకు బాగా తెలుసు. మేస్త్రి తల ఎత్తలేకపోయాడు. చేతిలోని గ్లాసు నీళ్లలో అలాగే ఉండిపోయింది.

"నువ్వు ముట్టుకోకు" అంది తల్లి, టీ వడపోస్తూ. "ఇవాళ మామయ్య కడుగుతాడు."

మేస్త్రి వంచిన తల ఎత్తకుండా, ఆ గ్లాసును మళ్లీ మొదటినుంచి తోమాడు.